అల్లుడి ఆల్ ఇన్

మొన్న ఆదివారం శామీర్‌పేటలో మా అత్తగారింట్లో ఏం జరిగిందో చెప్తా. టీ తాగేశాక వినండి, తాగుతూ వింటే పొలమారుతుంది. నాకైతే ఇంకా షాక్ దిగలేదు!

మామ యాటను కోయించాడు. మాంసం సరే, పేగులూ పొట్టా, అదే బోటి, ఎవరు కడగాలి? ఆ ఇంట్లో దానికో పద్ధతుంది. పేకాట వేస్తారు. అందరికీ సమానంగా చింతగింజలు పంచుతారు. ఎవరి గింజలు ముందు అయిపోతే వాళ్లే బోటి కడగాలి. నాకేమో ఆ వాసన అస్సలు పడదు. తినమంటే రెండు గిన్నెలు తింటా, అది వేరే సంగతి.

ఎప్పుడూ రమ్మీయే. ఈసారి మా బామ్మర్ది సంపత్ పోకర్ అన్నాడు. నా గుండె పొంగిపోయింది. సూరారంలో మా కంపెనీ లంచ్ టైంలో ఫోన్‌లో ఆ వీడియోలే కదా నేను చూసేది! చేతికి రెండు ముక్కలొస్తాయి, తర్వాత మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, వాటితో జతలు కలవాలి. మధ్యలో ముక్కలు తెరవకముందే ఎవరైనా గింజలు పెంచితే, మనం ఆలోచించకుండా మొత్తం కుప్ప ముందుకు తొయ్యాలి. ఆల్ ఇన్! ఎదుటోడు హడలిపోయి ముక్కలు పడేస్తాడు, పందెం మనదే. మన దగ్గర చెత్త ఉన్నా పర్లేదు.

సంపత్ గుప్పెడు గింజలు పెట్టాడు. నేను కుప్పంతా తోశా. వాడు ముక్కలు పడేశాడు. మళ్లీ అత్తమ్మ పెట్టింది. మళ్లీ తోశా. ఆమె కూడా పడేసింది. మామ కూడా అంతే! నాకు పొగరెక్కింది. పోకర్‌లో కావాల్సింది ముక్కలు కాదు, గుండె ధైర్యమని వాళ్లకు క్లాసు పీకా. అందరూ బుద్ధిగా తలలూపారు.

ఇంతలో మామ పొయ్యి అంటించడానికి లేచి, తన కుప్ప మా ఆవిడ కవితకు అప్పజెప్పాడు. సంపత్ దగ్గరా అత్తమ్మ దగ్గరా గెలుచుకున్నవన్నీ కలిసి అది నా కుప్పకన్నా పెద్దది. అప్పటిదాకా అల్లం వెల్లుల్లి నూరుతున్న కవిత చెయ్యి తుడుచుకుని కూర్చుంది. నాకొచ్చినవి ఏడు, రెండు. పోకర్‌లో అంతకన్నా దరిద్రం లేదు. కవిత గింజలు పెంచింది. నేను దర్జాగా మొత్తం తోశా.

ఆమె ముక్కలు పడెయ్యలేదు. నా వైపు ఒకసారి చూసి, "సరే, తెరువుండ్రి" అంది.

మధ్యలో ముక్కలన్నీ తెరిచారు. ఒక్కటీ నాకు కలవలేదు. ఆమె దగ్గరున్నవి పది, నాలుగు. మధ్యలో ఇంకో నాలుగు పడి జత కుదిరింది. నా కుప్ప గోవిందా!

"పది, నాలుగు పెట్టుకొని ఆల్ ఇన్‌కు వస్తరా ఎవరన్నా?" అన్నా.

"ముక్కలెవరు జూసిన్రు? నీ మొఖం జూసిన. గ్యాస్ బుక్ జేసిన అని అబద్ధం జెప్పేటప్పుడు గూడ గిట్లనే చెవి గోక్కుంటవ్."

మరి వీళ్లంతా ఎలా భయపడ్డారని సంపత్‌ను అడిగా. వాడు నసిగాడు.

"భయమేంది బావా, ఇందాక నా దగ్గర రెండు ఎక్కలుండె. అమ్మ కాలుతోని తన్నింది."

రెండు ఎక్కలు, అంటే రెండు ఏస్‌లు! పోకర్‌లో చేతికొచ్చే రెండు ముక్కల్లో దాన్ని మించిన జత లేదు. దాన్ని పారేశాడు! అత్తమ్మ మాత్రం ఏమీ తప్పు లేనట్టు, "ఇంటికొచ్చిన అల్లుణ్ణి ఓడగొడ్తమా బిడ్డా" అంది. అంటే నా స్ట్రాటజీ, నా గుండె ధైర్యం, నా క్లాసు, అన్నీ వాళ్ల మర్యాదే!

"నాకు అల్లుడు గాదు గద" అంది కవిత.

అత్తమ్మ తనే కడుగుతానని లేచింది. నేను ఆశగా చూశా. మామ పొయ్యి దగ్గర్నుంచే ఆట ఆటేనన్నాడు. అయినా అల్లుడు నేలమీద కూర్చోకూడదని అత్తమ్మ పీట వేసింది. మామ కొత్త టవల్ తెచ్చి నా భుజాన కప్పాడు. సంపత్ పక్కన నిలబడి చెంబుతో వేడినీళ్లు పోశాడు. ఇన్ని మర్యాదలతో బోటి కడిగిన అల్లుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా నేనొక్కణ్ణే అయ్యుంటా.