ముంపు నేలకు పసుపు రంగు

ప్రణాళికా శాఖ కార్యాలయంలో పటాలకు రంగులు వేయడమే ఆయన జీవితం. అందరూ ఆయనను రంగులాయన అనేవారు. అడవికి ముదురు ఆకుపచ్చ, సాగుభూమికి లేతాకుపచ్చ, ఇళ్లకు పసుపు, పరిశ్రమలకు ఊదా. వరదనీరు పరుచుకునే ఏటి ఒడ్డు నేలకు మాత్రం నీలి గీతలు. అక్కడ ఇటుక మీద ఇటుక పెట్టరాదని అర్థం. కుంచెను కడిగి, పాత బనీను గుడ్డతో తుడిచి, ఒక రంగు ఆరేదాకా మరో రంగు ముట్టేవాడు కాదు.

మొదట ఎగువ కొండ మీది ముదురు ఆకుపచ్చ పోయింది. రాళ్ల క్వారీ వస్తుందట. ఊదా వేయమన్నారు, వేశాడు. మరుసటి ఏడు నీలి గీతల వంతు వచ్చింది; వాటిని చెరిపి ఇళ్ల పసుపు వేయమన్నారు. అభ్యంతరాలు చెప్పుకొమ్మని ప్రజలకు గడువిచ్చారు; ఆ ప్రకటనను ఎవరూ తొంగిచూడని మెట్ల కింది గోడకు అంటించారు. ప్రజాభిప్రాయమనే మాటకు అంతకన్న అవమానం ఏముంటుంది?

"అయ్యా, అది ముంపు నేల," అన్నాడు రంగులాయన, అధికారి బల్ల ముందు నిలబడి.

"చెప్పిన రంగు వెయ్యవయ్యా. ఏరొచ్చి అడిగితే నా గదికి పంపించు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, కుంచె తడిపాడు.

ఆ పసుపులో మొదటి స్థలం కొన్నది ఆయన సొంత అక్క. స్థలం కొనే ముందు ఆయనను అడగడం చుట్టాలందరికీ అలవాటు. ఈసారి అక్క అడగలేదు. "నా తమ్ముడి చేత్తో వేసిన పసుపు, ఇంక అడిగేదేముంది?" అని బావతో అన్నదట. పునాది తవ్వే రోజున గాని ఆయనకు సంగతి తెలియలేదు.

పరుగున వెళ్లేసరికి గోతిలోంచి తెల్లని ఇసుక, నత్తగుల్లలతో సహా, తట్టలకు తట్టలు పైకి వస్తోంది.

"అదృష్టమంటే మీదేనమ్మా, ఇసుక కొనే పనే లేదు!" అంటున్నాడు మేస్త్రీ.

"అక్కా, ఇది ఏరు పడుకునే చోటు. ఇక్కడ కట్టకు."

"మరి పసుపెందుకు వేశావురా?"

"వేయమన్నారు."

"అప్పుడు లేని నోరు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

బావ కల్పించుకున్నాడు. "పోనీలేవే. పక్క స్థలం తనకు దక్కలేదని మీ తమ్ముడికి కుళ్లు."

ఇల్లు లేచింది. వర్షాకాలం రాగానే ఆయన సెలవు పెట్టి, పరుపుచుట్టతో అక్క ఇంట్లో దిగాడు. ఏటి వైపు గుమ్మంలో మంచం వేసుకున్నాడు.

"ఇంత ఇల్లుండగా గుమ్మంలో పడకేమిట్రా? పోనీలే, కుక్కను పెంచే పని తప్పింది," అని నవ్వేది అక్క.

ఒక సాయంత్రం ఇక్కడ చినుకు లేదు. కొండ మీద ఆకాశం మాత్రం కాటుకలా ఉంది. ఏటి నీరు చూస్తుండగానే ఎర్రబడింది. చెట్లు కొట్టేసిన కొండ మట్టి అది. వేళ్లతో సహా పొదలు కొట్టుకొస్తున్నాయి. ఒడ్డున కట్టిన గేదె పలుపు తెంపుకుని రోడ్డెక్కింది.

"అక్కా, బయలుదేరండి."

"చుక్క వాన లేదు, ఎక్కడికిరా బయలుదేరేది?"

ఆయన ఇక వాదించలేదు. తన మాటకు విలువ లేకుండా చేసింది తన కుంచే. అక్క కూతురు వదిలివెళ్లిన పసి మనవరాలిని ఉయ్యాలలోంచి తీసి భుజాన వేసుకుని మెట్ట రోడ్డు పట్టాడు. "ఒరేయ్, పిల్లను ఇటివ్వరా! నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని తిడుతూ అక్క చెప్పుల్లేకుండా వెంటపడింది. ఆయనకు కావలసిందీ అదే. మలుపు దాటాక గాని ఆగలేదు.

వెనుక ఏదో లారీ వస్తున్న చప్పుడు. ఆ దారిన లారీలు రావు.

"మీ బావేడిరా?" అంది అక్క, అప్పుడే గుర్తొచ్చినట్టు.

బావ ఇంటికి తాళం వేద్దామని, తాళంచెవి వెతుకుతూ లోపలే ఉండిపోయాడు.