ఇత్తడి పళ్లచక్రం

నాన్న ఓడ పనికి వెళ్లి మా ఇద్దరికీ కలిపి తెచ్చిన రిమోటు కారుని ఇసుక దిబ్బ ఎక్కించింది మా అన్నయ్యట. విజయనగరంలో వాడింటికి ఎవరొచ్చినా అద్దాల బీరువాలోంచి దాన్ని తీసి ఇదే కథ చెబుతాడు. ఫ్యాను రెగ్యులేటరు మార్చడానికి ఇప్పటికీ మనిషిని పిలుస్తాడు. మొన్న నా ముందే చెబుతూ కారు తిరగేశాడు. అడుగున నా ఇత్తడి పళ్లచక్రం ఇంకా మెరుస్తోంది.

వాడు ఇసుకలో తోలి లోపలి ప్లాస్టిక్ చక్రం పళ్లు అరగ్గొట్టి, కారుని మూల పడేశాడు. కళింగపట్నంలో పడవ ఇంజన్లు బాగుచేసే మా మావయ్య షెడ్డులో ఇత్తడి రేకు ఏరుకుని, మూడు రోజులు ఆకురాయితో పళ్లు దిద్దింది నేను. అప్పటికి నేను పదేళ్ల ఆడపిల్లని. చక్రం పెద్దదైతే కారు జోరుగా పోతుందనుకుని పెద్దదే చేశాను. అది పట్టడానికి మోటారుని వెనక్కి జరిపాను. తీరా తోలితే నత్తనడక.

“ఇదేటే, సూడిగేదెలాగ ఎల్తన్నాది,” అని అన్నయ్య నవ్వాడు.

ఆ గేదే ఎన్నడూ ఎక్కని దిబ్బ ఎక్కేసింది. వేగం తగ్గితే బలం పెరుగుతుందని కాలేజీలో చదివేదాకా నాకు తెలియదు. రిమోటు మాత్రం ఆ క్షణమే అన్నయ్య చేతిలోకి పోయింది.

“ఒరే, ఇలా వచ్చి సూడండిరా మా అల్లుడి పనితనం,” అని మావయ్య పడవల వాళ్లందరినీ పిలిచాడు.

మావయ్యా, రేకు కోసుకున్న నా వేలికి ఆ పొద్దున్న గుడ్డ కట్టింది నువ్వే. మరి అల్లుడి పనితనం అని ఎలా అన్నావు?