బల్బు వెలిగితేనే మార్కు

మా ల్యాబ్ అటెండరు పెద్దాయన చనిపోయారని పోయిన సోమవారం బడిలో ప్రార్థన వేళకు తెలిసింది. ఎర్రగుంట్లలో మా హైస్కూలు ల్యాబ్ తాళంచెవి ముప్పయ్యేళ్లు ఆయన దగ్గరే ఉండేది. ఆ రోజు నేను పదో తరగతికి పాఠం చెప్పలేకపోయాను.

ఆయన ఏడో తరగతితో చదువు ఆపేశారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. అయినా నేను చేసిన పాఠాల వెబ్‌సైటుకు అసలు పరీక్ష పెట్టింది ఆయనే. ఈ మాట ఆయన ఉన్నప్పుడే నలుగురిలో చెప్పాల్సింది.

ఒక ఏడు ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని పదో తరగతి ఫిజిక్స్ పాఠాలకు వెబ్‌సైటు తయారు చేశాను. టీచర్లు సొంతంగా చేసినవాటిని ఒక కమిటీ చూసి, ఒకటి ఎంపిక చేస్తుందన్నారు. దాన్ని ల్యాబ్ లేని బడుల పిల్లలకు ఇస్తారు. వాళ్ల చేతికి ఒక ఫోను, సామాను పెట్టె వస్తాయి; చేసి చూపించేవాళ్లు పక్కన ఉండరు. నేను ఆ పిల్లల గురించి కాక కమిటీ గురించే ఆలోచించాను. తెర మీద బల్బులు గిరగిరా తిరిగేవి, వెనక వీణ మోగేది. స్టాఫ్‌రూములో అందరూ భలే ఉందన్నారు. మాట వరసకు పెద్దాయనకూ ఫోనులో చూపించాను.

ఆయన బల్ల మీద పాత పేపరు పరిచి సెల్లు, బల్బు, వైర్లు తెచ్చి పెట్టుకున్నారు.

"మీరు రాసినంతే చేస్తా సార్. ఒక్క పని కూడా ఎక్కువ చెయ్యను."

చర్చిలో బైబిలు చదివేటప్పటిలాగే ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివారు. పేజీ కదులుతుందని వేలు తెరకు తగలనిచ్చేవారు కాదు. చదివినంత మేరా చేశారు. బల్బు వెలగలేదు.

"మ్యూజిక్ శానా బాగుండాది సార్. బల్బే వెలగలే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "వైరుకు తొక్క తీయాలని ఇన్నేళ్లకూ తెలీదా పెద్దాయనా?"

"నాకు తెలుసు సార్. అది యాడ రాసినారో చూపియ్యండి."

ఎక్కడా రాయలేదు. రెండు రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. మూడో రోజు చివరి గంట కొట్టాక నేనే ల్యాబ్‌కు వెళ్లాను. అప్పటి నుంచి రోజూ అదే పని. కటకం వెనక కాగితం పెట్టండి అని రాస్తే, ఆయన కాగితాన్ని కటకానికి ఆనించి నా వైపు చూసేవారు. ఎంత దూరంలో పెట్టాలో రాయకపోతే ప్రతిబింబం ఎలా వస్తుంది? నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు.

"మీరు చెప్పద్దు సార్, పేజీనే చెప్పనీ. ఆ పిల్లోళ్ల కాడికి మీరు పోతారా?"

వీణ పోయింది. తిరిగే బల్బులూ పోయాయి. ఆయన తప్పు పట్టేవారు కాదు, మెచ్చుకునేవారూ కాదు. పని కుదిరితే "ఊఁ, తర్వాత" అనేవారు, అంతే. ఆ ఊఁ కోసం నేను ఫలితాల కోసం చూసినట్టు చూసేవాణ్ని.

కమిటీ వచ్చినప్పుడు వాళ్ల చేతుల్లో రంగులు, అక్షరాలు, బొమ్మలు అని మార్కులకు గడులు గీసిన కాగితాలున్నాయి. నేనేమీ మాట్లాడకుండా కమిటీకి పెద్దగా వచ్చిన మేడమ్ ముందు ఫోనూ సామానూ పెట్టాను. ఆమె తెలుగు టీచరు, జన్మలో వైరు ముట్టినవారు కాదు. పేజీ చెప్పినంతే చేశారు. బల్బు వెలిగింది. ఆమె దాన్ని ఆర్పి మళ్లీ వెలిగించారు, ఇంకోసారి, మరోసారి. గడుల కాగితం కింద పడినా చూసుకోలేదు. మాదే ఎంపికైంది. నా ఆనందం పట్టలేక గుమ్మం దగ్గరున్న పెద్దాయన వైపు చూశాను. ఆయన "ఊఁ" అన్నారు.

సంతాప సభలో రెండు నిమిషాలు మౌనంగా నిలబడితే ఆయన రుణం తీరుతుందని నాకనిపించలేదు. సమాధి కార్యక్రమమైన మర్నాడు బద్వేలు వైపు ల్యాబ్ లేని ఒక బడికి వెళ్లాను. బల్బుల వెలుగు బాగా కనబడేలా తలుపులు దగ్గరికి వేసి, పిల్లలందరినీ ఆ పాఠం తెరవమన్నాను. ఆయన్ను ఎన్నడూ చూడని పిల్లల చేతుల్లో ఒక్కొక్కటిగా బల్బులు వెలిగాయి.

కిటికీ పక్కనున్న అమ్మాయిది మాత్రం వెలగలేదు. సాయం చేయడానికి వాళ్ల టీచరు లేచారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఆ అమ్మాయి పేజీని మళ్లీ పైకి జరిపి, వేలు తెరకు తగలకుండా పట్టుకుని మొదటి వాక్యం నుంచి చదివింది. ఒకచోట ఆగింది. వైరు కొస చూసుకుని, మిగిలిపోయిన తొక్కను గోటితో గీకి, మళ్లీ చుట్టింది. బల్బు వెలిగింది. నేను ఏదో అనేలోపే ఆమె వేలు తర్వాతి పాఠం మీదికి పోయింది.