ఎండిన చేన్లో కవాతు పాట

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నా బిడ్డల మీద ఒట్టు... ఇది నేను నా చెవులతో విన్నది.

ఎనభైల చివర్లో మాట. అప్పుడు నేను పావగడ తాలూకా అరసికెరె బడిలో టీచరును. ఆగస్టు పదిహేనున పిల్లలు కవాతు చేస్తుంటే ముందు నడుస్తూ ఎవరైనా వాయించాలి. మా పెదనాన్న మిలిటరీ బ్యాండులో పనిచేసి వచ్చినవాడు. ఆయన దగ్గర రెండు రేకు పిల్లనగ్రోవులు ఉండేవి. సన్నటి గొట్టం, ఆరు రంధ్రాలు, అంతే. దాని మీద ఒక పాత కవాతు పాట నాకు నేర్పుతున్నాడు.

"కూర్చోని నేర్చుకుంటే ఇది రాదు పాపా. ముందు కాళ్లకి రావల్ల" అనేవాడు.

అందుకే బడి వదిలాక ఆయన శనక్కాయ చేనికి వెళ్లి, గట్టు మీద నడుస్తూ వాయించేవాళ్లం. ఆ ఏడు వాన లేదు. చేనంతా నిలువునా ఎండిపోయింది. అడుగు పెడితే కరకరమనేది.

ఆ రోజు చివరి వరస నాకు ఎంతకీ పట్టుబడలేదు. బాగా చీకటి పడిపోయింది. వాయిస్తూనే గట్టు మీద ఇంటిదారి పట్టాం. అప్పుడు... వెనక చేన్లో...

కర్... కర్... కర్...

మేకేమో అనుకున్నాను. కానీ మేక తాళానికి నడుస్తుందా? ఆ అడుగులు సరిగ్గా మా పాటకే పడుతున్నాయి. ఎడమ... కుడి... ఎడమ...

నా పిల్లనగ్రోవి కీచుమంది. ఇద్దరం ఆగాం.

చేన్లోనూ ఆగింది. కాకపోతే... ఒక్క అడుగు ఆలస్యంగా.

పెదనాన్న టార్చి వేశాడు. ఎండిన శనక్కాయ చెట్లు తప్ప ఎవరూ లేరు.

"ఎవురప్పా ఆడ?"

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. "పరిగెత్తుదాం పెద్నాయనా!"

"వద్దు. చీకట్లో పడిపోతావు. నా పక్కనే నడువు. నేనుండా కదా."

మళ్లీ వాయించాడు. మళ్లీ... కర్... కర్. ఈసారి దగ్గరగా. మా పక్కకే వచ్చింది. రెండు బారల దూరం కూడా లేదు. ఆయన పాట ఆపలేదు. నిలబడిపోయి, వాయిస్తూనే ఉన్నాడు. ఆ అడుగులు మమ్మల్ని దాటాయి... ముందుకు పోయాయి... సన్నబడ్డాయి. పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆయన పిల్లనగ్రోవి మీంచి పెదవి తీయలేదు.

ఇంట్లో పెద్దమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన చేతుల్లో చెంబు నిలవలేదు. నీళ్లన్నీ చొక్కా మీదే.

"ఏంది పెద్నాయనా అది?"

"నాకేం తెలుసు పాపా. పాట నిలిపితే మన పక్కకి తిరుగుతాదేమోనని... నిలపల్యా."

అదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. చెంబు పట్టుకోలేనంతగా వణికిన ఆ చేతులు... గట్టు మీద ఒక్క స్వరం కూడా తప్పలేదు.