పక్క పలకలోకి తొంగిచూపు

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, మా పల్లెలో పెద్దవాళ్లకు బడి పెట్టినప్పుడు. పంతులు చెప్పింది సగమే తలకెక్కేది. మిగతా సగం పక్కనామె పలకలోకి తొంగి చూసి దిద్దుకున్నాను. ఆమె తప్పు రాస్తే నేనూ తప్పే రాశాను. ఇద్దరం కలిసి తిట్లు తిన్నాం, కలిసే నేర్చుకున్నాం. అందుకే కరోనా వచ్చి బడి ఫోన్‌లోకి పోయినప్పుడు నాకు మొదట పుట్టిన అనుమానం ఒక్కటే. నా మనవరాలు ఎవరి పలకలోకి చూస్తుంది?

అప్పుడది ఐదో తరగతి. అర్ధవీడు దగ్గర మా పల్లెలో సిగ్నల్ అందాలంటే గుట్ట ఎక్కాలి. మేకలు మేసేదీ గుట్ట మీదే. ఇంకేం, నా కొడుక్కి తెలివి పుట్టింది.

"ఒక పోకకు రెండు పనులమ్మా! సదువుకు సదువు, మేకలకు మేకలు."

ఒకరోజు పిల్లకు తోడుగా నేనూ గుట్టెక్కాను. ఫోన్‌లో టీచరమ్మ ఎనిమిదో ఎక్కం అడుగుతోంది. సరిగ్గా అప్పుడే మా కొమ్ముల మేక కింద కందిచేలో పడింది. పిల్ల ఎగిరి లేచి, "హెయ్! నీ కడుపు కాల! నోరు మూసుకోని ఇట్ల రా!" అని అరిచింది.

"ఎవర్నే? నన్నేనా?" అంది టీచరమ్మ.

"మేకను టీచర్!"

"నీకూ మేకలేనా?" అని ఫోన్‌లోనే ఇంకో పిల్ల గొంతు. ఆ వెనకే ఎవరి మేకో అరిచింది. ఇంకెక్కడో గొర్రెలు అందుకున్నాయి. టీచరమ్మ పడీపడీ నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది. "మీరంతా తలా ఒక గుట్ట మీద ఉన్నారా?" అని అడిగింది. పిల్లలకన్నా ముందు గొర్రెలే పలికాయి.

కొన్నాళ్లకు బడి తెరిచారు. నా కొడుకు పిల్లను పంపనన్నాడు.

"ఫోన్లో సెప్తే సాలదా? బడికి పంపి రోగం తెచ్చుకుందామా? నీకే వస్తే ఏందమ్మా గతి?"

"వస్తే నేను పోతా. నీకు రోగం భయం సగం, మేకలు సగం. నిజం సెప్పు."

వాడు తల గీరుకున్నాడు. "మరి మేకలెవరు కాస్తారు? నీ మోకాళ్లతో నువ్వా?"

గడప మీద కూర్చున్న పిల్ల మెల్లగా అంది, "అవ్వా, నేను ఎక్కాలు మర్సిపోతాండా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ ఏడాది మేకల వెనక పోయిన పిల్ల వచ్చే ఏడాది బడి వైపు చూడదు. చిన్నప్పుడు నా బడి పోయింది అట్లాగే.

అయితే, ఆ తర్వాత కొన్నేళ్లు ఊళ్లో వంతు అని ఒకటుండేది. అందరి పశువులూ ఒక్క మంద, కాపు రోజుకో ఇంటిది. మర్నాడే, ఆ రోజు ఫోన్‌లో మేకలు అరిచిన మా ఊరి పిల్లల ఇళ్లన్నీ తిరిగాను. ముసలివాళ్లం వంతులు వేసుకుందాం, పిల్లల్ని బడికి తోలండి అన్నాను.

"ఏందొదినా, ఈ వయసులో మనకు మేకల బడా?" అంది ఒకామె.

"అవును. నీకైతే ఫోను గూడా ఇయ్యరు."

"మీ కొమ్ముల మేక దొంగముండ. దాన్ని నేను కాయను."

"పరిగెత్తకుండా మెడకు గుదికొయ్య కట్టి పంపుతాలే."

నవ్వింది, ఒప్పుకుంది. మిగతావాళ్లు కొందరు గొణిగారు, కొందరు నా వయసును వెక్కిరించారు. మందలో మాత్రం అందరి మేకలూ కలిశాయి. ఇక నా కొడుక్కి సాకు మిగల్లేదు.

నా వంతు వచ్చిన రోజు మందను బడి పక్కగా తోలాను. కిటికీలోంచి చూస్తే మూతులకు మాస్కులు, పిల్లకూ పిల్లకూ మధ్య బారెడు ఎడం. మా పిల్ల లెక్క చేస్తూ చేస్తూ ఆగింది. మెడ కొంగలా సాచి పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూసింది.

"పక్కకు చూడొద్దు!" అంది టీచరమ్మ.

"సూడనీ తల్లీ!" అన్నాను బయటినుంచి, గట్టిగానే.

టీచరమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆ సందులో మా పిల్ల మెడ ఇంకాస్త సాచింది.