మాస్ సున్నా చేయమన్నాను

పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లె వెళ్లి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. సెలవు దొరికినప్పుడల్లా కుప్పం యూనివర్సిటీకి పోయి పీహెచ్‌డీ పని చూసుకునేదాన్ని. రెండు ఎలక్ట్రాన్లు ఢీకొన్నప్పుడు ఒక కాంతి కణం వెలువడడం గురించి నా లెక్క. అందులో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని, అంటే మాస్‌ని, తగ్గించే కొద్దీ జవాబు పెరుగుతుంది. ద్రవ్యరాశి సున్నా అయితే జవాబు అనంతమైపోతుంది.

నా గైడు ఆ కాగితాలు చూసి తోటి విద్యార్థుల ముందే నవ్వాడు.

"ఇన్ఫినిటీ వచ్చిందంటే తప్పు చేసుండావని గదమ్మా. నీకు యాల ఈ లెక్కలు? ఇంటర్ పిల్లోళ్లకు చెప్పుకోపో."

కూలికి పోయి నన్ను చదివించిన అమ్మకు ఆ మాట చెప్పలేకపోయాను. మరిచిపోనూ లేదు.

లెక్క తప్పు కాదు. ద్రవ్యరాశి లేని కణం కాంతి కణాన్ని సరిగ్గా తన దారిలోనే వదిలితే, కలిసి సాగే ఆ రెండింటినీ విడదీసి చూడడం ఏ పరికరానికీ సాధ్యం కాదు. అలా ఒక్కటిగా కనిపించేవాటన్నిటినీ కలిపి లెక్కించాలి. ఢీకొన్న తర్వాతివాటిని కలిపి చూశాను. అక్కడి అనంతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. సంబరంగా ఆయనకు మెయిల్ పంపాను.

జవాబు రాలేదు. కొన్ని నెలలకు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని నెట్‌లో చూస్తే, నా లెక్క ఆయన పేరుతో వ్యాసంగా అచ్చయి ఉంది. నేను వాడిన గుర్తులు కూడా మార్చలేదు. చివర మాత్రం సొంతంగా ఒక వాక్యం చేర్చాడు: ఇక మాస్ సున్నా చేసినా ఇబ్బంది లేదని.

ఉంది. ఢీకొనక ముందు వచ్చే కణాలనూ అలాగే కలిపితేగానీ అనంతం పూర్తిగా పోదని నాకు అప్పటికే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. గైడును మార్చుకుని, ఎదురుచూశాను.

కుప్పంలో సెమినార్ పెట్టారు. ఆ లెక్క మీద ఆయన ప్రసంగం ముగియగానే లేచాను.

"సార్, చివరి సమీకరణంలో మాస్ సున్నా చేసి చూపిస్తారా?"

"అంతా క్యాన్సిల్ అయిపోతాదిలేమ్మా."

"బోర్డు మీద చూపించండి సార్."

అధ్యక్షుడిగా వేదిక మీదున్న పెద్దాయన సుద్దముక్క అందించాడు. పాత గైడు రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. అనంతం కదల్లేదు. సాయం చేయగలిగీ కూర్చున్నాను. ఆయన మెడ మీది చెమట చూస్తుంటే కడుపు నిండినట్టయింది.

తర్వాత నేనే పోయి మిగిలిన భాగం రాశాను. అనంతం పోయింది. "దీనికి ముందుదీ నాదే. నేను పంపిన మెయిల్ ఉండాది, చూపిస్తాను" అని అందరికీ వినపడేలా చెప్పాను.

ఆయన వ్యాసం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు మదనపల్లెకు వచ్చి మా కాలేజీ వరండాలో నిలబడ్డాడు.

"ఇద్దరం కలిసి చేసినామని ఒక మాట రాసీమ్మా. నా పరువు పోతాండాది."

"కుదరదు సార్."

"ఇంత పగ యాలమ్మా?"

బెల్లు కొట్టారు. ఆయన్ని అక్కడే వదిలి క్లాసుకు పోయాను. ఆ రోజు నా గొంతు బాగా పలికింది.