మాత్రలు చెరువులో విసిరేశానన్న మాట

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పుంగనూరు ముసలివాడు చావు గడప మీద కూర్చుని లేచి వచ్చినవాడు! గుండెలో నాలుగు నరాలు మూసుకుపోయి... నాలుగని రాశాను, ఒక్కటే, పాత అలవాటు, క్షమించండి. ఆ ఒక్క నరం మూసుకుపోయి రొమ్ము మీద రోలు పెట్టినట్టయితే బెంగళూరు తీసుకుపోయి ఆ నరంలో స్ప్రింగు, అదే స్టెంటు, పెట్టించారు, రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలిచ్చారు, "ప్రభువా, ఇంకొన్నాళ్లు ఉంచు" అని ఏడ్చాను, ఆయన ఉంచాడు, దేవునికే మహిమ!

ఏడాది దాటాక మదనపల్లెలో గుండె డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "పెద్దాయనా, ఈ రెండిట్లో ఒకటి ఇంక ఆపేయొచ్చు, ఆస్పిరిన్ మాత్రం మింగతా ఉండాల్సిందే, నన్ను అడక్కుండా మానేస్తివా సూడు, స్ప్రింగులో గడ్డ కడతాది" అంది. నేను అట్లే చేశాను. జరిగింది ఇంతే.

కానీ కుప్పం కూటాల్లో మైకు చేతికొచ్చేసరికి ఇంత చిన్న సంగతి నా నోటికి ఆనలేదు. డాక్టరమ్మను తీసేసి ఆ చోట దేవదూతను నిలబెట్టాను, మాత్రలన్నీ చెరువులో విసిరేశానన్నాను, "హల్లెలూయా!" అని పందిరి లేచిపోయేట్టు అరిచారు, నాకు పదేళ్లు తగ్గినట్టయింది. ఆస్పిరిన్ అట్ట అప్పుడూ నా జేబులోనే ఉంది!

ముందు వరుసలో దానియేలప్ప కూర్చున్నాడు. కుప్పంలో టైలరు. ఆయనకూ స్ప్రింగే, అయితే పెట్టి ఇంకా కొన్ని వారాలే. ఇంటికి పోయి మాత్రలన్నీ పొయ్యిలో వేశాడట. ఆ నెల తిరక్కుండానే, ఎవరిదో పెళ్లి చొక్కా కుడుతూ కుడుతూ మిషను మీదికి ఒరిగిపోయాడు.

భూస్థాపనకు పోయాను. ఆయన భార్య మరియమ్మ నా పల్చటి చొక్కా జేబులోంచి కనబడుతున్న మాత్రల అట్ట వైపే చూసింది.

"నువ్వు మింగతానే ఉండావే! యాల అట్ల చెప్తివప్పా? నీ అబద్ధం లేకపోతే దేవునికి మహిమ రాదా?"

"దేవుని చిత్తం అమ్మా..." అనబోయాను.

"ఆయన మీద ఏయొద్దు" అంది.

సహోదరులారా, ఆ మాట నన్ను తినేసింది, అన్నం ముందు కూర్చుంటే అదే, మోకరిస్తే అదే! "ప్రభువా, ఆ పందిట్లోనే నా మాట నేను వెనక్కి తీసుకునే ధైర్యమివ్వు" అని ప్రార్థించాను. మరుసటి యేడు కూటాల్లో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్కరూ హల్లెలూయా అనలేదు. వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచి, "నాదీ స్ప్రింగేనప్పా, పన్ను పీకాలంటా ఉండారు, మాత్ర ఆపేదా?" అని అడిగాడు. "గుండె డాక్టరును అడక్కుండా ఆపొద్దప్పా, పన్ను డాక్టరుకు కూడా మాత్ర సంగతి ముందే చెప్పు" అన్నాను. నా జీవితంలో నేను కల్పించకుండా చెప్పిన సాక్ష్యం అదొక్కటే.

మరియమ్మ ఈనాటికీ నా వందనం అందుకోదు. అందుకోమని నేను అడగను. అబద్ధమాడిన నోరు మూయించి, నిజానికి తెరిచిన దేవునికి స్తోత్రం. ప్రియులారా, ఆయన్ను నమ్మండి, మాత్ర సంగతి, అది ఇచ్చిన డాక్టరును అడగండి. మైకు పట్టుకున్న నాలాంటివాణ్ణి నమ్మి మాత్ర ఆపకండి.